కుదరని ఇస్పేట్లు

ఆ సెలూన్‌లో కుర్చీలు రెండే. ఒకటి కిటికీ పక్కన, రెండోది లోపల ట్యూబులైటు కింద. మామగారు వయసు మీదపడి కత్తెర పక్కన పెట్టేస్తూ, కిటికీ కుర్చీ ఎవరిదో మీరే తేల్చుకోండని అల్లుళ్ల మీదికి తోసేశారు.

"పేకాటలో తేల్చుకుందాం అన్నయ్యా," అన్నాడు చినల్లుడు.

పెద్దల్లుడికి నవ్వాగలేదు. వెతకబోయిన తీగ కాలికి తగిలింది.

నిజానికి ఆ కుర్చీ అతనికి చావుబతుకుల సమస్య. ఏడాదిగా చూపు మందగిస్తోంది. కిటికీ వెలుతురు లేకపోతే మెడ మీది నూగు కనబడదు. ఈ సంగతి పెళ్లానికి కూడా చెప్పలేదు. చెబితే మామగారు జాలిపడి ఇచ్చేవారే. ఆ ముష్టి ఎవడిక్కావాలి?

పైగా చినల్లుడిది ఒక ఆటా? చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద ఇద్దరికీ ఉమ్మడిగా పరిచినవి కలిపి నాలుగు ఇస్పేట్లయితే చాలు, అయిదోది కూడా వచ్చి అయిదూ ఒకే రంగై ఫ్లష్ కుదురుతుందని వాడు గాలిలో మేడలు కట్టేస్తాడు. ఎదుటివాడు ఎంత కాస్తే అంతా పోసి, నోరు తెరుచుకుని తర్వాతి ముక్క కోసం చూస్తాడు. అది వచ్చిందా, ఎన్నడూ లేని ధైర్యంతో పందెం పెంచేస్తాడు. అది చూసి పసిపిల్లాడైనా ముక్కలు పడేసి తప్పుకుంటాడు. ఆశ లావు, పీక సన్నం.

"కుదరని ముక్కలతో రెండే పనులురా," అని గిరాకీల ముందే పాఠం చెప్పేవాడు పెద్దల్లుడు. "చవగ్గా వస్తే తర్వాతి ముక్క చూడు. లేదా అది రాకముందే నువ్వే గట్టిగా కొట్టు. ఎదుటివాడు జడిసి పారిపోయాడా, సరే. పోలేదా, ముక్క ఇంకా రావచ్చు. అంతేగానీ బిచ్చగాడిలా చెయ్యి చాపుకుని కూచోకు. కుదిరాక కొడితే ఎవడికైనా తెలిసిపోతుంది. అయినా నీకెక్కడ ఎక్కుతుందిలే!"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అనుకునేవాడు. చినల్లుడు దువ్వెనలు కడుక్కుంటూ తలూపేవాడు.

ఆ మధ్యాహ్నం షట్టరు సగం దించి కూర్చున్నారు. పందేలకి సోడా మూతలు. గిరాకీ వచ్చి షట్టరు తట్టేవేళకి ఎవరి దగ్గర ఎక్కువుంటే కుర్చీ వారిది. మామగారు ముక్కలు పంచారు.

పెద్దల్లుడి చేతిలో రాజు, బల్ల మీద ఇంకో రాజు. పక్కనే రెండు ఇస్పేట్లు. తన మూతల్లో సగానికి పైగా తోశాడు. చినల్లుడూ సరిగ్గా అన్నే పోశాడు. మళ్లీ అదే జబ్బు, అనుకున్నాడు పెద్దల్లుడు.

తర్వాతి ముక్క పడింది. కళావరు ఎనిమిది. పెద్దల్లుడు మీసం మీద చెయ్యి వేశాడో లేదో, చినల్లుడు మిగిలిన మూతలన్నీ మధ్యకి తోసేశాడు.

ముక్క కుదరకుండా ఈ పిరికిగొడ్డు తోస్తాడా? చేతిలో ఎనిమిదుల జత ఉండి మూడోది పడి ఉంటుంది, నా రాజుల జత దానికి ఆగదు. వాడి మొహం చూస్తేనే తెలియడం లేదూ! "నన్ను బోల్తా కొట్టించాలంటే ఇంకో జన్మెత్తాలిరా," అని నవ్వి, పెద్దల్లుడు రాజుని బోర్లా పడేశాడు. తర్వాతి ఆటలో వీణ్ణి పిండేస్తే సరి.

చినల్లుడు తన ముక్కలు తిప్పాడు. రెండూ ఇస్పేట్లే, బల్ల మీది వాటితో కలిపి నాలుగే. జత కూడా లేదు.

"ఇంకా కుదరలేదన్నయ్యా. కుదిరాక కొడితే తెలిసిపోతుందని నువ్వేగా అన్నావు."

అంతలో షట్టరు తట్టారు. మామగారు మూతల వంక చూశారు. లెక్కపెట్టాల్సిన పని లేదు.

వచ్చింది దర్జీ. పెద్దల్లుడికి పాత గిరాకీ, అందుకని అతని వెంటే లోపలి కుర్చీకి వెళ్లి గడ్డం పైకెత్తి కూర్చున్నాడు. ట్యూబులైటు కింద ఆ మెడంతా ఒకటే మసక. పెద్దల్లుడు కత్తి పట్టుకుని బొటనవేలితో తడిమాడు. చెవి కింద ఏదో తగిలింది. వెంట్రుకో పులిపిరో తెలియలేదు. కత్తి ఆన్చబోయి ఆగాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

కిటికీ దగ్గర చినల్లుడు కుర్చీ తుడుచుకుంటున్నాడు.

"తమ్ముడూ," అన్నాడు పెద్దల్లుడు, తోడల్లుళ్లయ్యాక మొట్టమొదటిసారి, "ఇలా వచ్చి ఇది కాస్త చూసిపెట్టవూ?"