తమ్ముడి పేరు మీద రక్తం

మా మరిది అమరేందర్ పొద్దున కళ్లు తెరవగానే మంచం దిగేవాడు కాదు. ఎడమ మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి, గోడ గడియారం వైపు చూస్తూ నాడి లెక్కపెట్టుకునేవాడు. "వదినా, యాభై ఆరు" అని కేకేసేవాడు. నేను పొయ్యి మీద గిన్నె దించి వచ్చి నోటుబుక్కులో రాయాలి. తరువాత బీపీ మిషను, తరువాత బరువు, తరువాత రాత్రి ఎన్ని గంటలు పడుకున్నదీ. అతని చేతిరాత కోడి గెలికినట్టుంటుందని ఆ పని నాకు అంటగట్టారు. పెళ్లి కాని మరిదికి అన్ని పనులకూ వదినే దిక్కు.

"నీ తొడ నా నడుం కంటె లావున్నది. రేపొచ్చే పిల్లకు మంచం మీద జాగ ఏడిది?" అని నేను ఏడిపించేదాన్ని. అతను నవ్వి ఉప్పు లేని కోడికూర గిన్నెడు తినేవాడు.

కానీ ఆ నోటుబుక్కును నేనెప్పుడూ ఎగతాళి చెయ్యలేదు. అది రాకముందు అమరేందర్ ఎద్దులా కసరత్తు చేసి, భుజం పట్టేసి, నెల రోజులు పడుకున్నవాడు. హైదరాబాద్‌లో రాకేష్ అనే కోచ్ దగ్గర చేరాక పద్ధతి మారింది. పొద్దున నాడి పది ఎక్కువ కొట్టుకుంటే ఆ రోజు బరువులు సగానికి తగ్గించాలి. నిద్ర తక్కువైతే కాళ్ల కసరత్తు బంద్. అట్లా రెండేళ్లు చేసి జిల్లా బాడీబిల్డింగ్ పోటీలో రెండో స్థానం తెచ్చుకున్నాడు. చౌటుప్పల్ జిమ్‌లో నేర్పించే పని కూడా దొరికింది. కోచ్‌ది ఒక్కటే షరతు. నెల నెలా రక్తపరీక్ష చేయించి రిపోర్టు ఫోన్లో పంపాలి. అది చూశాకే వచ్చే నెల చార్టు పంపుతాడు. తిండి, కసరత్తు, గోలీలు, కండ పెంచే సూదులు అన్నీ ఆ చార్టులో ఉంటాయి.

"సూదులెందుకురా అమరూ?" అని ఒకసారి అడిగాను.

"అందరు తీస్కుంటరు వదినా. రక్తం చూస్కుంట తీస్కుంటె ఏం గాదు."

ఆ మాట నేను నమ్మాను. చూసుకుంటూ నడిచేవాడు గుంతలో పడడని ఎవరికైనా నమ్మకమే కదా.

ఈ ఏడు జనవరిలో రిపోర్టు పంపిన గంటకే కోచ్ ఫోన్ చేశాడు. ఎప్పటిలాగే స్పీకర్ పెట్టి అందరం విన్నాం. "అమర్, క్రియాటినిన్ రెండు దాటింది. కిడ్నీలు దెబ్బతింటున్నయ్. బీపీ గూడ మంచిగ లేదు. ఈ సంవత్సరం స్టేజీ వద్దు. సూదులు బంద్ చెయ్యి, కిడ్నీ డాక్టర్‌కు చూపెట్టు. నువ్వు మంచిగైనంకనే నాకు ఫోన్ చెయ్యి" అన్నాడు.

మే నెలలో రాష్ట్ర పోటీ ఉంది. అమరేందర్ ఎనిమిదేళ్ల నుంచి ఆ ఒక్క రోజు కోసమే బతుకుతున్నాడు. నా నోరు ఊరుకోదు. "పైన పటారం, లోన లొటారం అంటె ఇదే" అన్నాను. అతను నవ్వలేదు. రెండు రోజులు తిండి ముట్టలేదు. మా ఆయన అశోక్ మగ్గం మీద కూర్చున్నాడే గాని దారం మోసే నాడె అటూ ఇటూ ఆడలేదు. తల్లీతండ్రీ పోయాక తమ్ముణ్ని కొడుకులా పెంచినవాడు. తమ్ముడు ఆకలితో ఉంటే ఆయనకు ముద్ద దిగదు.

ఫిబ్రవరిలో ఒక పొద్దున అన్నదమ్ములిద్దరూ నూలుకు రంగులు తెస్తామని బండి మీద చౌటుప్పల్ పోయారు. సాయంత్రానికి అమరేందర్ ఫోన్లో రిపోర్టు వచ్చింది. "క్రియాటినిన్ సున్నా పాయింటు తొమ్మిది, వదినా. దిగిపోయింది." నేను నిజంగా సంతోషపడ్డాను, కొబ్బరికాయ కొట్టాను. ఒక్కటి మాత్రం వింతగా అనిపించింది. కోచ్ ఫోన్ రాగానే అమరేందర్ స్పీకర్ పెట్టలేదు. ఫోన్ తీసుకొని వీధిలోకి పోయాడు.

మరునాడు మా ఆయన స్నానానికి అంగీ విప్పితే మోచేతి మడతలో నల్లగా కమిలిన మచ్చ కనిపించింది. మధ్యలో సూది గుచ్చిన చుక్క.

"ఏందిది?"

ఆయనకు అబద్ధం చెప్పడం రాదు. "తమ్ముని పేరు మీద నా రక్తమిచ్చిన."

"నీ రక్తం చూస్తె అతని కిడ్నీల సంగతి ఎట్ల తెలుస్తది? జర బుద్ధున్నదా మీ ఇద్దరికి?"

"ఒక్క తల్లి కడుపుల పుట్టినోళ్లం. రక్తం రక్తమే గద. మూడు నెలలు గడిస్తె పోటీ అయిపోతది, అప్పుడు దవాఖానకు తీస్కపోత." నా కుడిచెయ్యి పట్టి తన తల మీద పెట్టుకున్నాడు. "నా మీద ఒట్టు. కోచ్‌కు గాని, ఇంకెవ్వరికి గాని చెప్పొద్దు."

నేను డిగ్రీ చదివినదాన్ని. ఒట్టుకూ ఆయుష్షుకూ సంబంధం లేదని పదిమందికి చెప్పగలను. కానీ ఆ తల మా ఆయనది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను గాని మాట వెనక్కి రాలేదు. ఇంకో నిజం కూడా చెప్పాలి. మా వీధిలో ఫ్లెక్సీ కట్టి, "మా మరిది" అని చెప్పుకోవాలని నాకూ ఆశ ఉంది.

మూడో రోజు నుంచి అమరేందర్ పొద్దున్నే అన్నకు చిన్న గోలీ ఒకటి ఇవ్వసాగాడు. "మగ్గం గుంతల కాళ్లు పెట్టుకొని కూచుంటవు, నరాలకు బలం అన్నా" అని తనే నీళ్లు అందించేవాడు. మా ఆయన కళ్లు చెమ్మగిల్లేవి. నాకూ ముచ్చటేసింది. అంతకుముందు ఆయనకు ఊరికే దాహమయ్యేది, రాత్రి నాలుగు సార్లు లేచేవాడు. గోలీలు మొదలయ్యాక అది తగ్గింది. బలం పట్టిందనుకున్నాను.

మార్చిలో మళ్లీ రక్తం ఇచ్చారు. ఏప్రిల్‌లో మళ్లీ. రిపోర్టులు బాగున్నాయని కోచ్ చార్టులో అన్నీ పెంచాడు. పొద్దున కేకలు మాత్రం మారాయి. "వదినా, డెబ్బై నాలుగు." పది రోజులకు ఎనభై ఒకటి. ఎనభై ఎనిమిది చెప్పిన రోజు నేను నోటుబుక్కు పట్టుకొని నిలబడిపోయాను.

"యాభై ఎనిమిది రాయి వదినా. కోచ్ ఫోటో పంపమంటడు."

రాశాను. నా చేత్తోనే రాశాను. ఒక అబద్ధం ఇంట్లోకొస్తే దానికి కూర్చోవడానికి పీట మనమే వేయాలి. తరువాతి వారం బీపీ మిషనులో బ్యాటరీ పోయిందన్నాడు, కొత్తది తేలేదు. పొద్దున లేచేసరికి మొహం ఉబ్బి ఉండేది. మేజోళ్లు విప్పితే కాళ్ల చుట్టూ గాడి పడేది. కోడికూర వాసనకే వాంతి చేసుకునేవాడు, మళ్లీ నోరు కడుక్కొని అదే తినేవాడు. మెట్లెక్కితే ఆయాసం. ఒళ్లంతా దురద. "పోటీ ముందు అందరికి గిట్లనే ఉంటది" అనేవాడు. నాకు భయమేసేది. మా ఆయన తల వైపు చూసి నోరు మూసుకునేదాన్ని.

పోటీకి పదకొండు రోజులుందనగా ఒక శనివారం. మా ఆయనకు శనివారం ఒక్కపొద్దు, సాయంత్రం దాకా ఏమీ తినడు. నేను నూలు కండెలు చుడుతున్నాను. మగ్గం చప్పుడు ఆగింది. దారం తెగిందేమో, అతుకుతున్నాడేమో అనుకున్నాను. ఎంతకూ మొదలుకాలేదు. పోయి చూస్తే ఆయన నేస్తున్న చీర మీదనే బోర్లా పడి ఉన్నాడు. ఒళ్లంతా చెమట, చేతులు చల్లగా ఉన్నాయి, పిలిస్తే మాట ముద్దగా వస్తోంది. ఏమి చెయ్యాలో తెలియక చక్కెర నీళ్లు కలిపి కొంచెం కొంచెంగా తాగించాను. కాసేపటికి తేరుకొని "తమ్ముడేడి?" అన్నాడు.

ఆ పొద్దున ఆయన కడుపులో పడింది ఆ గోలీ ఒక్కటే. అమరేందర్ అరలో వెతికి, ఖాళీ అట్ట పట్టుకొని మెడికల్ షాపుకు పోయాను. షాపతను తిప్పి చూశాడు.

"షుగర్ గోలి అక్కా. ఒక్కపొద్దుండి ఏస్కుంటె పడిపోడా మరి. అశోకన్నకు షుగరెప్పటి సంది?"

ఇంటికి ఎట్లా వచ్చానో నాకు గుర్తు లేదు. అమరేందర్ మేడ మీద అద్దం ముందు పోజులు సాధన చేస్తున్నాడు. అట్ట అతని మొహాన విసిరాను. తప్పించుకోలేదు. మెల్లగా కూర్చొని, ఫోన్లో ఫిబ్రవరి రిపోర్టు తీసి చూపించాడు. క్రియాటినిన్ గడి కింద ఇంకో గడి ఉంది. పరగడుపు షుగర్ రెండు వందల అరవై.

"అన్నకు షుగరున్నది వదినా. కోచ్ నాకే వచ్చిందనుకున్నడు, సూదులతోని వస్తదట. గోలీలు రాసిచ్చిండు. తగ్గకుంటె స్టేజీ వద్దన్నడు. అందుకె అన్నకేసిన."

"మూడు నెలల సంది తెలుసా నీకు?"

"తెలుసు."

"చెప్పడానికి నోరు రాలె?"

"చెప్తె దవాఖానకు తీస్కపోతవు. ఎట్ల తెలిసిందంటె ఏం చెప్తం? మళ్ల రక్తమియ్యనిస్తవా నువ్వు?" అతను నా వైపు చూడలేదు. "పదకొండు దినాలె వదినా. స్టేజీ దిగినంక నేనే చెప్దామనుకున్న."

మా ఆయన గోడ పట్టుకొని మెట్లెక్కి వచ్చాడు. అంతా విన్నాడు. తిడతాడనుకున్నాను, కనీసం ఏడుస్తాడనుకున్నాను. తమ్ముడి పక్కన కూర్చొని వీపు నిమిరి, "ఆఖరి రిపోర్టు ఎప్పుడియ్యాలె తమ్మీ? ఇంకొక్కసారి ఇస్త తియ్యి" అన్నాడు.

ఆ క్షణాన ఇద్దర్నీ చెప్పుతో కొట్టాలనిపించింది. ఇన్నాళ్లు ఒట్టు తప్పితే ఆయన పోతాడేమోనని భయపడ్డాను. ఒట్టు తప్పకనే మగ్గం మీద పడిపోయాడు. వాళ్ల ముందే కోచ్‌కు ఫోన్ చేశాను. మొదటి నుంచి చివరి దాకా చెప్పాను, నేను రాసిన దొంగ అంకెలతో సహా.

 రాకేష్ సార్ గొంతు మారిపోయింది. "అమ్మా, ఆ రిపోర్టు చూసి మార్చిల సూదులు పెంచిన. ఏప్రిల్‌ల మళ్ల పెంచిన. అమర్ సొంత రక్తం ఆఖరుకు చూసింది జనవరిలనేనా?"

"జనవరిలనే సార్."

"ఇప్పుడె తీయించండ్రి. ఒక్క గంట గూడ ఆగకుండ్రి."

"ఒట్టు తప్పినవు వదినా" అన్నాడు అమరేందర్.  నేను వంగి అతని ముంగాలి మీద బొటనవేలుతో గట్టిగా నొక్కి తీశాను. గుంట పడింది. ముగ్గురం దాన్నే చూస్తూ కూర్చున్నాం. అది పూడలేదు. ఎంతసేపు చూసినా పూడలేదు. ఊరందరూ చూసి మెచ్చిన ఆ కాలు పిండిముద్దలా మెత్తగా ఉంది. అమరేందరే ముందు లేచాడు. "పోదాం పాండ్రి" అన్నాడు.

చౌటుప్పల్‌లో రక్తం ఇచ్చి బయట బల్ల మీద కూర్చున్నాం. ప్రతిసారీ ఫోన్లో రిపోర్టు వచ్చేది. ఈసారి రిపోర్టు రాలేదు, ల్యాబులో పిల్ల పరుగున బయటికి వచ్చింది.

"అమరేందర్ అంటె ఎవరు? అంబులెన్సుల ఉన్నడా?"

"నేనే" అన్నాడు మా మరిది, నిలబడి.

ఆ పిల్ల అతని భుజాలూ చేతులూ చూసి, చేతిలో కాగితం మళ్లీ చూసుకుంది. తప్పు మనిషి రక్తం తీశానా అని ఆమెకు అనుమానమొచ్చినట్టుంది. "క్రియాటినిన్ పదకొండున్నది అన్నా. కూసో, నడవకు. అక్కా, ఇంటికి పోకుండ్రి, సీద హైదరాబాద్ పోండ్రి" అంది.

ఆ సాయంత్రమే మెడ దగ్గర గొట్టం పెట్టి రక్తం శుభ్రం చేసే మిషను ఎక్కించారు. పోటీ రోజు కూడా మిషను మీదనే ఉన్నాడు. అతని ఫోన్ నేను నా సంచీలో దాచిపెట్టాను, ఎవరు గెలిచిందీ చూడకుండా. మూడు వారాల్లో ఎనిమిదేళ్ల కండ కరిగిపోయింది. మా ఆయనకు పక్క విభాగంలో చూపించి షుగర్‌కు సరైన మందు రాయించాను. నాతో మాట్లాడటం ఆయన మానేశాడు.

నాలుగో వారం పెద్ద డాక్టర్ మంచం దగ్గరికి వచ్చాడు. స్కానింగ్ కాగితాలు చూస్తూ, రెండు కిడ్నీలూ కుంచించుకుపోయాయని, ఇక కోలుకోవని చెప్పాడు. జనవరిలో వచ్చి ఉంటే ఇంత దాకా వచ్చేది కాదన్నాడు. వారానికి మూడు సార్లు మిషను, లేదంటే రక్తసంబంధీకులెవరైనా ఒక కిడ్నీ ఇవ్వాలి.

ఆయన మాట పూర్తికాకముందే మా ఆయన లేచి అంగీ చెయ్యి పైకి మడుస్తున్నాడు, కిడ్నీ కూడా మోచేతి మడతలోంచే తీస్తారన్నట్టు. "నాది తీస్కోండ్రి సార్. సొంత అన్నను. గ్రూపు గూడ ఒక్కటే."

డాక్టర్ కలం తీసి ఆయన పేరు రాసుకున్నాడు. "వయసు?"

"నలబై ఒకటి."

"బీపీ ఉందా?"

"లేదు సార్."

"షుగర్?"

మా ఆయన నా వైపు చూశాడు. నెల రోజుల తరువాత నా కళ్లలోకి చూడటం అదే. ఆ చూపులో బతిమాలుడు ఉంది. మళ్లీ ఒట్టు వేయించుకుంటున్నట్టే ఉంది. నేను తల దించుకున్నాను.

"లేదు సార్" అన్నాడాయన.

"ఉన్నది సార్." మంచం మీద నుంచి అమరేందర్ అన్నాడు, చాలా మెల్లగా. "ఫిబ్రవరిల రెండు వందల అరవై ఉండె. నాకు తెలుసు."

"వానికి తెల్వది సార్, అది వాని రిపోర్టు, వాని పేరె ఉంటది సూడుండ్రి" అన్నాడు మా ఆయన. 

డాక్టర్ ఇద్దర్నీ చూశాడు. కాగితం మీద రాసిన పేరు కొట్టేశాడు. "ఇంకెవరైనా ఉన్నారా?" అని నన్ను అడిగాడు.

మా అత్తకు పుట్టింది ఆ ఇద్దరే.