క్యాలెండర్ వెనక స్పగెట్టి

మా అత్తగారు నున్జియాతా ఈ ఏడాది వేసవి పోగానే వంటింటి క్యాలెండర్ మార్చారు. ఎప్పుడూ చేపల కొట్టువాడు ఊరికే ఇచ్చే అరచేతంతదే ఆ మేకుకి వేలాడేది. ఈసారి శవపేటికల దుకాణం వాళ్ళది తెచ్చి తగిలించారు. అది పసిపిల్ల దుప్పటంత ఉంది. పైన మా ఊరి దేవుడు సాన్ ప్రోకొలో బొమ్మ, కింద దుకాణం ఫోన్ నంబరు. దేవుడి వల్ల కాకపోతే తర్వాత ఎవరిని పిలవాలో అందులోనే ఉందన్నమాట.

"అంకెలు పెద్దవి. నా కళ్ళకి ఆనుతున్నాయి," అన్నారావిడ.

నేను నమ్మాను. కాలేజీలో చదివిన చదువంతా ఏమైందో మరి.

ఆ క్యాలెండర్ వెనక గోడకి పగులుంది. మా ఊరు పొజ్జువోలిలో గోడకి పగులుండటం మొహానికి ముక్కుండటం లాంటిదే. ఊరి కింద అగ్నిపర్వతం ఉంది, మా నేల ఊపిరి పీలుస్తూ ఉంటుంది. పీల్చినప్పుడల్లా రేవు కాస్త పైకి లేస్తుంది, పడవలు బురదలో చతికిలబడతాయి, గాలిలో కుళ్ళిన గుడ్ల వాసన వేస్తుంది. భోజనం దగ్గర ఇల్లు ఊగిందంటే మేం లేవం. కూర్చున్నచోటే భూకంపం ఎంతో తలో అంకె చెబుతాం. కాసేపటికి ఫోన్‌లో అసలు అంకె వస్తుంది. దానికి అందరికంటే దూరంగా చెప్పినవాళ్ళు గిన్నెలు తోమాలి. ఊరి దేవుడి పేరే పెట్టుకున్న మా ఆయన ప్రోకొలో ఎప్పుడూ తక్కువే చెబుతాడు. అందుకే మా ఇంట్లో గిన్నెలు తోమేది మగవాడు.

మాకు భయం నేలంటే కాదు, కాగితమంటే. పగులుందని ఫోన్ చేస్తే ఫైరింజను వాళ్ళొస్తారు, గోడ తట్టి చూస్తారు, వీధి తలుపుకి ఖాళీ చెయ్యమని కాగితం అంటించి పోతారు. ఆ కాగితం ఒక్క ఇంటికి కాదు, మేడ మొత్తానికి. కింది అంతస్తు కాన్చెత్తినా గారు, పైనున్న కుట్టుపని దంపతులు, అందరూ మూటలతో రోడ్డు మీద నిలబడాలి. అందుకని మా మెట్ల మీద వానల గురించీ ధరల గురించీ మాట్లాడుకుంటాం గాని గోడల ఊసు ఎవరూ ఎత్తరు.

క్యాలెండర్ మారకముందు, వేసవిలో, నేనో ఉపాయం చేశాను. పగులుకి అడ్డంగా వేలెడు స్పగెట్టి పుల్ల పెట్టి, రెండు కొసలూ మా అమ్మాయి ఇలారియా ఎర్ర గోళ్ళరంగుతో గోడకి అంటించాను. ఎండు స్పగెట్టి సాగదు. గోడ వెంట్రుకవాసి కదిలినా పుటుక్కుమనాల్సిందే. అది విరిగిన రోజున ఫోన్ చేసేద్దామని నాకూ ప్రోకొలోకీ ఒప్పందం. అప్పటినుంచి రోజూ పొద్దున్న కాఫీ పొయ్యిమీద పెట్టి, క్యాలెండర్ ఎత్తి చూసేదాన్ని. పుల్ల నిక్షేపంగా ఉండేది. నిశ్చింతగా కాఫీ తాగేదాన్ని.

నవంబరులో ఆ సాయంత్రం సముద్రం మీద గాలి లేదు. వీధిలో కుక్కలన్నీ ఎటు పోయాయో ఒక్కటీ మొరగలేదు. ప్రోకొలో దీవికి తిరిగే పడవ మీద పని ముగించుకుని, చలికి చేతులు రుద్దుకుంటూ వచ్చాడు. వారం మధ్యలో, అందరూ అలిసిపోయి ఉన్నప్పుడు, మా ఇంట్లో ఒకటే వంట. ఒకే గిన్నెలో బంగాళాదుంప పాస్తా సూప్.

అత్తగారి పాత గిన్నె పొయ్యిమీద పెట్టాను. ఉల్లిపాయా సెలరీ కాడా సన్నగా తరిగి నూనెలో వేశాను. దుంప ముక్కలు పడ్డాయి, నాలుగు టమాటాలు నలిగాయి, అరిగిపోయిన చీజ్ గట్టి పెచ్చు కూడా పడింది. నీళ్ళు మరిగాక సీసా దించాను. ప్రతి పొట్లంలోనూ అడుగున మిగిలే పాస్తా ఈ సీసాలోకి చేరుతుంది. గవ్వలు, గొట్టాలు, విరిగిన స్పగెట్టి ముక్కలు. ఒకటి మెత్తబడితే ఇంకొకటి పంటికి తగులుతుంది, రుచంతా అందులోనే ఉంది. ఆ సీసాకి ఇంకో గుణం ఉంది. నేల కదలబోయే ముందు, మనకి తెలియకముందే, అందులో పాస్తా గలగలమంటుంది.

మూత తీస్తుంటే సన్నగా గలగలమంది. నా చెయ్యే వణికిందనుకున్నాను.

పాస్తా ఉడికాక పొగబెట్టిన చీజ్ ముక్కలు కలిపి, మంట ఆర్పి, మూత పెట్టాను. ఇక గిన్నె కుదుట పడాలి. గరిటె నిలబెడితే నిలబడాలి. అంతవరకు ఎవరూ గిన్నె జోలికి పోకూడదని అత్తగారి శాసనం.

అప్పుడు ఇల్లు ఊగింది. పైనున్న దీపం నిదానంగా అటూ ఇటూ తిరిగింది.

"రెండు," అన్నాడు ప్రోకొలో.

"నాన్నా, పరువు తీయకు. మూడు!" అంది ఇలారియా.

"రెండున్నర," అన్నాను.

అత్తగారు అంకె చెప్పలేదు. ఆవిడ చూపు క్యాలెండర్ మీద ఉంది.

"అమ్మా, నీ అంకె?" అన్నాడు ప్రోకొలో.

"ముందు తిండి పెట్టండి. నీ కూతురు గాలికి ఎగిరిపోయేలా ఉంది, నువ్వు అంకెలు అడుగుతున్నావు."

ఫోన్‌లో మూడు దాటి వచ్చింది. ప్రోకొలో నిట్టూర్చి చొక్కా చేతులు మడుచుకున్నాడు. మేం ఫోన్ చూస్తున్నంతసేపూ అత్తగారు మాకు వీపు చేసి క్యాలెండర్ సరిచేస్తూ నిలబడ్డారు. నేను వడ్డించాను. సూప్ చిక్కగా, పొగలు కక్కుతూ, ఆ సాయంత్రం మొత్తమ్మీద అదొక్కటే మమ్మల్ని ప్రేమిస్తున్నట్టుంది.

"అమ్మా, ఇందులో ఏదో ఎర్రగా ఉంది," అంది ఇలారియా.

"టమాటా తొక్కై ఉంటుంది," అన్నాడు వాళ్ళ నాన్న.

"గట్టిగా ఉంది. ఇదిగో, నీ పళ్ళెంలో కూడా!"

ఇలారియా చెంచాలోంచి స్పగెట్టి ముక్క తీసి పళ్ళెం అంచున పెట్టాను. మెత్తగా ఉడికింది. కొసన మాత్రం చీమ తలంత ఎర్ర చుక్క. ప్రోకొలో పళ్ళెంలోంచి ఇంకోటి తీశాను. నా దాంట్లో రెండున్నాయి. ఒకదాని ఎర్ర చుక్కకి సున్నపు పెచ్చు కూడా అంటుకుని ఉంది.

నేను లేచి గరిటెతో గిన్నె కెలికాను. ఎర్ర చుక్కలు పైకి తేలుతూనే ఉన్నాయి.

అప్పుడు క్యాలెండర్ ఎత్తాను. పుల్ల చెక్కు చెదరకుండా, తిన్నగా ఉంది. దాని కొసని వేలితో తాకాను. ఎర్రరంగు వేలికి అంటుకుంది. ఇంకా తడి ఆరలేదు.

ఇన్నాళ్ళూ పుల్లనే చూశాను, గోడని చూడలేదు. ఈసారి క్యాలెండర్ మేకు మీంచి తీసేశాను. పాత చేపల క్యాలెండర్ కింద ఇమిడిన పగులు ఇప్పుడు దేవుడి తలనుంచి ఫోన్ నంబరు దాకా పాకి ఉంది. చల్లటి గాలి నా మణికట్టుకి తగిలింది. గోడలోంచి.

"ఎన్నిసార్లు విరిగింది అత్తయ్యా?"

"లెక్కపెట్టలేదు." ఆవిడ చెంచా కింద పెట్టలేదు. "పాస్తా ఎవరైనా లెక్కపెట్టి వండుతారా?"

"విరిగినవి సీసాలో వేశారా?"

"మరి పారెయ్యమంటావా? తిండది!"

"నాన్నమ్మా, నా గోళ్ళరంగు అయిపోయిందంటే నేను స్కూల్లో పిల్లల్ని అనుమానించాను!" అంది ఇలారియా. నవ్వబోయి, వాళ్ళ నాన్న మొహం చూసి ఆగిపోయింది.

ప్రోకొలో గోడ దగ్గరికి వెళ్ళి అరచెయ్యి ఆనించాడు. "అమ్మా, ఇది మన నెత్తిన పడితే?"

"పడితే పడనీ. పందొమ్మిదివందల డెబ్బైలో ఇలాగే నేల లేచిందని గుట్టమీది ఇంట్లోంచి సైనికులొచ్చి మమ్మల్ని తోలారు. కొద్ది రోజులే అమ్మా, గిన్నె కూడా అక్కర్లేదు అన్నారు. నేను వినలేదు, గిన్నె ఎత్తుకొచ్చాను. తెలివైనదాన్ని. ఆ ఇంటి తలుపు మళ్ళీ తీశానా? మా అమ్మ అద్దె గదిలో పోయింది, తాళంచెవి మెడలో వేసుకుని." ఆవిడ చెయ్యి తన మెడలోని మా ఇంటి తాళంచెవి మీదికి పోయింది. "నన్ను మళ్ళీ లేపకండి. మీరు వెళ్ళండి."

"మీరు లేవకపోతే మేమూ లేవం," అన్నాను. కుర్చీ లాక్కుని ఇలారియాని ఆ గోడ పక్కనే కూర్చోబెట్టాను. "కూర్చో తల్లీ. నాన్నమ్మ ఇంట్లో ఉంటుందట. మనమూ ఉందాం."

"ఎర్సీలియా, నీకు మతిపోయిందా?" అన్నాడు ప్రోకొలో.

అత్తగారు నా వంక చూశారు. తర్వాత పిల్ల తల పైనున్న పగులు వంక చూశారు. పిల్ల జుట్టు కొసలు ఆ గాలికి కదులుతున్నాయి.

"నిన్ను కోడలిగా తెచ్చుకున్నప్పుడే మా అక్క చెప్పింది, చదువుకున్నది దొంగదని," అని లేచారు. పొయ్యి దగ్గరికి పోయి, గుడ్డతో గిన్నె చెవులు రెండూ పట్టుకున్నారు. "నిలబడి చూస్తారేం? చెంచాలు తియ్యండి."

నేను ఫోన్ చేశాను. వస్తున్నాం, వెంటనే కిందకి దిగండి అన్నారు. గ్యాస్ కట్టేశాను. దీపం ఆర్పడం మరిచిపోయాను.

దిగుతూ ప్రతి తలుపూ కొట్టాం. కాన్చెత్తినా గారు తలుపు తీసి, అత్తగారి చేతిలో గిన్నె చూసి, "విందా?" అన్నారు.

"మా గోడ పోయింది. ఫైరింజను వస్తోంది," అన్నాను.

తిడతారనుకున్నాను. తిట్టలేదు. ఆవిడ వెనక, నడవా గోడ మీద, పసిపిల్ల దుప్పటంత క్యాలెండర్ వేలాడుతోంది. అదే దేవుడు, అదే ఫోన్ నంబరు. నేను చూడటం ఆవిడ చూశారు. కోటు తీసుకున్నారు.

పై దంపతుల గోడకీ అదే క్యాలెండర్ ఉందని ప్రోకొలో పైకి వెళ్ళొచ్చి చెప్పాడు.

రోడ్డుకి అవతల, మేడలకి దూరంగా ఉన్న ఖాళీ స్థలంలో అరుగు మీద కూర్చున్నాం. అత్తగారు గిన్నె మధ్యలో పెట్టి మూత తీశారు. గరిటె నిలబెట్టారు. నిలబడింది. కాన్చెత్తినా గారికీ ఒక చెంచా ఇచ్చాం. ఆవిడ ఎర్ర చుక్క ఒకటి తీసి వెలుతుర్లో చూసి, పక్కన పెట్టి, తినడం మొదలుపెట్టారు.

ఇలారియా ఒళ్ళో పాస్తా సీసా ఉంది. ఎందుకు తెచ్చిందో దానికే తెలియదు.

అది గలగలమంది. ఈసారి ఎవరి చెయ్యీ వణకలేదు. చప్పుడు ఆగలేదు, పెరిగింది. పిల్ల రెండు చేతులతో సీసాని గట్టిగా పట్టుకుంది. అయినా మోగుతూనే ఉంది. ఆ తర్వాత మా కింద అరుగు కదిలింది.

ఎవరూ అంకె చెప్పలేదు. ప్రోకొలో కూడా.

అందరం మా మేడ వంక చూశాం. వీధి దీపాలు వెలుగుతున్నాయి. కాన్చెత్తినా గారి నడవా దీపం వెలుగుతోంది. మా వంటింటి కిటికీలో నేను ఆర్పని దీపం ఒక్కటే ఊగి, ఊగి, ఆరిపోయింది. తర్వాత లోపలినుంచి, బరువైన బస్తా ఏదో దింపినట్టు, ఒక చప్పుడు వినిపించింది.

అత్తగారు మెడలోంచి తాళంచెవి తీసి, కాసేపు చూసి, నా ఒళ్ళో పడేశారు.

"తిను అమ్మాయ్," అన్నారు. "చల్లారితే గట్టిపడిపోతుంది."