సమాధి రంగు

గుర్రపు వెంట్రుకకు వేలాడదీసిన బ్రోచ్‌ను ఒనొరిన్ కుండలోంచి పైకి తీసింది. వేడినీళ్ళలో ముంచి, వెలుతురుకి పట్టి చూసి, పెదవి విరిచి మళ్ళీ కుండలోకి వదిలింది. సురేకారం, ఉప్పు, ఆమ్లం కలిసి కుతకుత ఉడుకుతున్నాయి. పచ్చటి పొగ ఆమె గడ్డాన్ని తాకి, మొహం మీదుగా జుట్టులోకి పాకుతోంది. నగలకు మెరుగు పెట్టే మేం గదికి అవతలి మూల కూర్చునీ ముక్కులకు గుడ్డలు కట్టుకుంటాం. ఆమెకు కట్టుకున్నా లాభం లేదు, క్షణంలో గుడ్డ తడిసి కంపు కొడుతుంది.

ఆ రోజుల్లో పారిస్‌లో కొత్త నగ కొత్తగా కనిపిస్తే ఎవరి కంటికీ ఆనేది కాదు. ఇటలీ సమాధుల్లోంచి తవ్విన నగలు చూసొచ్చారు కదా, గొప్పింటి ఆడవాళ్ళందరికీ అదే పిచ్చి పట్టుకుంది. నిన్న పోతపోసిన బంగారం రెండువేల ఏళ్ళు మట్టిలో పడుకున్నట్టు ఉండాలి. గసగసాలంత బంగారు గుండ్లు నగ మీద ఒక్కొక్కటే అతికించేది మగవాళ్ళు. కానీ ఆ మెత్తటి పసుపు, ఆ నిద్రపోయిన రంగు తెచ్చేది ఒనొరిన్ కుండే. పైనున్న రాగినంతా ఆమ్లం తినేస్తే మేలిమి మిగులుతుంది. దాన్ని మేం సమాధి రంగు అనేవాళ్ళం.

పన్నెండేళ్ళ పిల్లగా వచ్చింది, జుట్టు నెరిసేదాకా ఆ కుండ దగ్గరే నిలబడింది. ముందు పళ్ళు పొడిపొడిగా రాలిపోయాయి. నుదుటి మీది జుట్టు తుప్పురంగుకి తిరిగింది. సూప్‌లో ఉప్పుందో లేదో పక్కవాళ్ళని అడిగేది. ఇళ్ళ కప్పులు నేసే మొగుడు ఎప్పుడో జారిపడి పోయాడు. అందరూ కింది అంతస్తుల్లో అద్దెకు వెతుక్కుంటే, ఈవిడ ఆరో అంతస్తు ఎక్కి కూర్చుంది, గాలి వస్తుందని. ఆదివారం పూట సేన్ నది వంతెన మీద నోరు తెరుచుకుని నిలబడేది. ఎవరైనా నవ్వితే, “గాలి తింటున్నానే, నీకేం?” అనేది.

ఇంతకీ మేడ మీది మా గదికున్నది ఒకే ఒక్క కిటికీ. అది వాకిట్లోకి తెరుచుకుంటుంది. వాకిట్లో బళ్ళు ఆగుతాయి, బళ్ళలోంచి దొరసానులు దిగుతారు. చలికాలం చివర్లో ఒక బారనెస్ అక్కడ మా పొగకి రెండుసార్లు దగ్గిందట. అంతే, మా యజమాని వారంగో మర్నాడే కిటికీకి మేకులు కొట్టించాడు. వాడి మొహం మండ! ఆవిడ దగ్గింది రెండుసార్లు, ఒనొరిన్ దగ్గేది పొద్దస్తమానం. మేకులు తీయించమని అడిగితే ఈస్టర్ వెళ్ళనీ అన్నాడు. ఈస్టర్ వెళ్ళాక వేసవి రానీ అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

అందుకే ఆ పొద్దున ఒనొరిన్ చేతులు కట్టుకు కూర్చుంది. బారనెస్ బ్రోచ్ మధ్యాహ్నానికి కావాలి. రాత్రంతా ఊపిరాడలేదని, మేకులు పీకితేనే కుండ ఎక్కిస్తానని చెప్పేసింది. వారంగో నవ్వాడు. పక్కనే కూర్చుని, అన్న చెల్లెలితో మాట్లాడినట్టు మాట్లాడాడు. “నువ్వు మొదలుపెట్టమ్మా, వడ్రంగికి కబురు పెట్టాను, దారిలో ఉన్నాడు.”

ఆమె నమ్మింది. జరిగిందదే.

మా పనిలో ఒక చిక్కుంది. నగ ఒకసారి కుండలో పడ్డాక మధ్యలో ఆపడానికి లేదు. ఆపితే మచ్చలు తేలుతుంది. వదిలేసి పోతే గుండ్లన్నీ కరిగి ఊరుకుంటాయి, నెల కష్టం బూడిదలో పోసినట్టే. కుండ దగ్గర బతికిన మనిషి చేతులారా నగను చంపుకోలేదు. ఆ సంగతి వారంగోకి తెలుసు. తెలిసే మొదలుపెట్టమన్నాడు, దొంగవెధవ.

వడ్రంగి రాలేదు. నేను పట్టకారుతో మేకుల మీద పడ్డాను. నగలు పట్టే పట్టకారు మేకుల్ని ఏం పీకుతుంది, వంగిపోయింది. కిందికి పరుగెత్తి అడిగితే వారంగో కళ్ళెర్రజేశాడు. బారనెస్ బండి వాకిట్లోకి వచ్చేసిందట, ఆ పొగ ఆవిడ మొహాన కొట్టాలా అన్నాడు. అసలు వడ్రంగికి కబురే వెళ్ళలేదు. పైకొచ్చి చెబితే ఒనొరిన్ నా వంక చూడలేదు. వెంట్రుక లాగింది, కడిగింది, మళ్ళీ ముంచింది. మధ్యమధ్యలో వాణ్ణి తిడుతూనే ఉంది, ఊపిరి అందినంత మేరకు.

బ్రోచ్ కుదిరింది. ఎవరికీ ఇవ్వకుండా తనే గోడ పట్టుకుని మెట్లు దిగి తీసుకెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. బారనెస్ దాన్ని అరచేతిలో పెట్టుకుని మురిసిపోయింది. “అచ్చం చచ్చిపోయిన రాణి ఒంటి మీది నగలా లేదూ?”

“చచ్చినవాళ్ళది కాదమ్మగారూ, నాది,” అంది ఒనొరిన్. “నేనింకా బతికే ఉన్నాను.”

అదేదో వేళాకోళమనుకుని బారనెస్ పకపకా నవ్వింది. వారంగో కూడా నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

పైకొచ్చాక ఆమె ఆ మూసిన కిటికీ పక్కనే స్టూలు మీద కూలబడింది. నేను పాలు కాచి తెచ్చి గిన్నె కిటికీ గట్టు మీద పెట్టాను. చల్లారనీ, తాగుతానంది. పొగ పట్టిన ఊపిరితిత్తులు అప్పటికప్పుడు చంపవు, తీరిగ్గా నీళ్ళు నింపుకుంటాయి. మేం మా పనుల్లో ఉన్నాం. నుదురు అద్దానికి ఆనించి బయటి ఆకాశాన్ని చూస్తోందనుకున్నాం. దీపాలు పెట్టే వేళకి పిలిస్తే పలకలేదు.

చావు రాసుకోవడానికి ప్రభుత్వ డాక్టర్ వస్తున్నాడని కబురొచ్చింది. అప్పుడు దొరికింది గునపం. వారంగో స్వయంగా కోటు విప్పి, చొక్కా చేతులు మడిచి, మేకులన్నీ పెరికి పారేశాడు. డాక్టరుగారు మెట్లెక్కేలోపు గదిలో కంపు పోవాలట.

కిటికీ బార్లా తెరుచుకుంది. చల్లటి గాలి లోపలికొచ్చింది. గట్టు మీద ఆమె ముట్టని పాలగిన్నెలో మీగడ ఆ గాలికి ముడతలు పడుతోంది.