పడవ తిరిగొచ్చిన సినిమా

ఊరి నడిబొడ్డున ఉన్న సినిమా హాలు మూతపడి తొమ్మిదేళ్లయినా గేటాయన మాత్రం ఇంకా డ్యూటీ దిగలేదు. రోజూ మధ్యాహ్నం ఆట వేళకి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఎదురుగా ఉన్న సైకిళ్ల కొట్టు మెట్ల మీద కూర్చుని, హాలు తాళం వంక కాసేపు చూసి వచ్చేవాడు. "తాళం ఎక్కడికైనా లేచిపోతుందని కాపలానా?" అని భార్య ఎన్నిసార్లు దెప్పినా దులిపేసుకునేవాడు.

అలాంటి మనిషికి, హాలుని పడగొట్టడం లేదు, లైబ్రరీ చేస్తున్నారు అని తెలిశాక కాళ్లు నేల మీద ఆనలేదు. పైగా కొత్తగా వచ్చిన లైబ్రేరియను అమ్మాయి ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, "హాలు చరిత్ర రాసి గోడకి పెడతాం బాబాయిగారూ, మీకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదట కదా" అనేసింది. ఇంకేముంది? నెల రోజులుగా ఆయన చెబుతూనే ఉన్నాడు, ఆ అమ్మాయి కార్డుల మీద రాస్తూనే ఉంది. మొదట కలప గోదాముగా కట్టారనీ, తర్వాత నాటకాలు ఆడారనీ, వాన పడితే ఏడో వరుస మీద మాత్రమే కురిసేదనీ, ఆ వరుస వాళ్లకి గొడుగులు తానే ఇచ్చేవాడిననీ, గొడుగు విప్పితే ఎనిమిదో వరుస వాళ్లు తిట్టేవారనీ, అడిగినవీ అడగనివీ అన్నీ చెప్పాడు.

వంటింట్లోంచి ఇదంతా వింటున్న బుకింగావిడకి మొదట్లో నవ్వొచ్చేది. బుకింగావిడంటే ఆయన భార్యే. ముప్ఫై రెండేళ్లు అదే హాల్లో టిక్కెట్ల కిటికీ వెనక కూర్చుంది కాబట్టి ఊరందరికీ ఆమె బుకింగావిడే. కానీ చరిత్ర కాస్తా సినిమా కథల్లోకి దిగాక ఆవిడ గుండెల్లో రాయి పడింది. దానికి కారణముంది.

హాల్లో పని తీరే అలాంటిది. జనాన్ని లోపలికి పంపాక గేటాయన తలుపు దగ్గర కర్టెను చాటున నిలబడి సినిమా చూసేవాడు. అయితే ఆట అయిపోవడానికి పావుగంట ముందే పక్క సందులోకి వెళ్లి, బయటికి పోయే ఆరు తలుపుల గడియలూ తీసి అక్కడే నిలబడాలి. ఎప్పుడో తలుపులు ఆలస్యంగా తీసిన రోజున తొక్కిసలాటలో ఒకాయన కాలు విరిగిందట. అప్పట్నుంచి ఓనరుగారు పెట్టిన రూలది. గేటాయన దగ్గర పావుగంటంటే పావుగంటే, నిమిషం అటూ ఇటూ కాదు. అలా ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయన ఒక్క సినిమాకీ చివర చూడలేదు. బుకింగావిడది దానికి తలకిందుల వ్యవహారం. ఇంటర్వెల్ దాకా కిటికీ వదలకూడదు గనక ఆవిడకి ఏ సినిమాకీ మొదలు తెలియదు. మర్నాడు పొద్దున కాఫీ దగ్గర ఆయన మొదలు చెప్పేవాడు, ఆవిడ చివర చెప్పేది.

పెళ్లయిన కొత్తలో ఆవిడ నిజమే చెప్పింది. ఆ సినిమాలో స్కూలు టీచరు చివర్లో జబ్బు చేసి పోయింది. ఆ మాట వినగానే గేటాయన గ్లాసు కింద పెట్టేశాడు. మూడు రోజులు అన్నం సయించలేదు. ఉత్సాహంగా టిక్కెట్టు చేతపట్టుకుని వచ్చేవాళ్లని చూసి "ఎందుకు బాబూ మీకీ కష్టం" అని గొణిగేసరికి ఓనరుగారు పిలిచి చీవాట్లు పెట్టారు. నాలుగో రోజు పొద్దున ఆవిడే, "నిన్న సరిగ్గా చూశానండీ, పోలేదు, స్పృహ తప్పిందంతే, లేచి కూర్చుంది" అంది. ఆయన ఆ పూట రెండు గ్లాసుల కాఫీ తాగాడు.

అంతే, అక్కణ్ణించి ఆవిడ చెయ్యి తిరిగిపోయింది. ఉరికంబం ఎక్కినవాణ్ణి దింపింది. రైలు కింద పడబోయినవాడి కోసం రైలుని లేటు చేయించింది. అయినా ఆయన అంతటితో వదిలితేనా! "తర్వాతేమైంది?" అంటాడు. శుభం కార్డు పడ్డాక కూడా ఆ సంసారాలన్నీ ఈవిడే ఈదాల్సి వచ్చింది.

వాటిలో లైట్‌హౌసు సినిమా మరీ ఘోరం. సముద్రం మీదికి వెళ్లిన మొగుడి కోసం లైట్‌హౌసులో రోజూ దీపం వెలిగించే ఇల్లాలి కథ అది. అసలు సినిమాలో పడవ రాదు. బుకింగావిడ చెప్పిన సినిమాలో వచ్చింది. వచ్చి ఊరుకోలేదు, కవలలు కూడా పుట్టారు. "ఇద్దరూ మగపిల్లలేనా?" అని ఆయన అడిగితే, "ఒక పిల్ల, ఒక పిల్లాడు" అని సర్దుకుంది. సినిమా ఎనభై రోజులాడింది. ఎనభై రోజులూ ఆయన "ఇవాళ కూడా పడవొచ్చిందా?" అని అడగడం, ఈవిడ "వచ్చిందండీ" అనడం.

ఊళ్లో ఎవరైనా "అదేమిటండీ, పడవ రాదుగా" అంటే, "నువ్వు చివర్లో కుర్చీ కింద చెప్పులు వెతుక్కునే రకంలే" అని కొట్టిపారేసేవాడు. గేటాయన సరదాకి అంటున్నాడనుకుని జనం నవ్వి ఊరుకునేవాళ్లు. టీవీలోనైనా చూసి తెలుసుకుంటాడా అంటే, అంతంత మనుషుల్ని అరచేతంత డబ్బాలో చూడటం ఆయనకి నామోషీ.

ఇంతకీ ఆవిడ భయమల్లా ఒక్కటే. ఆయనకి అబద్ధం గిట్టదు. సొంత అన్నగారు సైకిలు ఎవరికో ఎరువిచ్చి, దొంగలెత్తుకుపోయారని చెప్పినందుకు పదకొండేళ్లు మాట్లాడలేదు. ఒక్క సైకిలుకే పదకొండేళ్లయితే ఇన్ని సినిమాలకి ఎన్నేళ్లు? ఈ వయసులో మొగుడు మాట్లాడటం మానేస్తే, ఆ రెండు గదుల ఇంట్లో పొద్దున్నే లేచి ఎవరికి కాఫీ ఇచ్చి ఏం చెప్పాలి? ఆ ఆలోచనకే ఆవిడకి ఏడుపొచ్చేది.

అలాంటి సమయంలో లైబ్రేరియను అమ్మాయి ఎగిరి గంతేస్తూ వచ్చింది. ఆపరేటరు గది బీరువాలో తొమ్మిది పెట్టెలు దొరికాయట. లైట్‌హౌసు సినిమా, మొత్తం తొమ్మిది రీళ్లూ. సోమవారం కుర్చీలు పీకేస్తారు గనక ఆదివారం మధ్యాహ్నం ఆఖరి ఆటగా అదే వేస్తారట.

"మీరు ముందు వరుసలో కూర్చోవాలి బాబాయిగారూ. తలుపులు మా అటెండరు చూసుకుంటాడు. ఈ ఒక్కసారైనా చివరిదాకా చూడండి" అంది.

గేటాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. బుకింగావిడ కళ్లు కూడా తిరిగాయి గానీ నీళ్లతో కాదు.

శనివారం ఆవిడ ఎవరికీ చెప్పకుండా హాలుకి వెళ్లింది. తను కూర్చున్న టిక్కెట్ల కిటికీకి కొత్త అద్దం బిగించి, 'సభ్యత్వాలు ఇచ్చట' అని రాసి పెట్టారు. లోపల నేల వాలు అలాగే ఉంచి, ఆ వాలు వెంబడే మెట్లుమెట్లుగా పుస్తకాల అరలు కట్టేందుకు గోడలకి సుద్దతో గుర్తులు పెట్టారు. బాల్కనీ పిల్లలదట. పై గదిలో ముసలి ఆపరేటరు మిషనుకి నూనె పెడుతున్నాడు.

"అన్నయ్యా, ఆఖరి రీలు పాడైపోయిందని చెప్పరాదూ?" అంది ఆవిడ.

ఆపరేటరు నూనె డబ్బా పక్కన పెట్టాడు. "చెల్లెమ్మా, నలభై ఏళ్లలో నేను ఒక్క రీలు ఎగ్గొట్టలేదు. ఎలకలు కొట్టిన ముక్కని కూడా అతికించి వేశాను. చూడు, ఈ రీలు ఎంత శుభ్రంగా ఉందో! ఇంతకీ ఎందుకట?"

"ఊరికే" అని నీళ్లు నమిలి ఆవిడ మెట్లు దిగింది.

ఆదివారం పొద్దున కాఫీ దగ్గర, ఇక దాచి లాభం లేదనుకుంది. "ఏమండీ, మీకొకటి చెప్పాలి."

"పడవ గురించేగా? చెప్పకు. ఇన్నాళ్లకి కళ్లారా చూడబోతున్నాను" అని ఆయన చెవులు మూసుకున్నాడు.

ఆటకి హాలు నిండిపోయింది. సినిమా నడుస్తున్నంతసేపూ బుకింగావిడ తెర వంక చూడలేదు, పక్కనున్న మొగుడి మొహమే చూసింది. ఇంకో పావుగంట ఉందనగా ఆయన అలవాటు కొద్దీ లేచాడు. ప్రాణం లేచొచ్చినట్టై ఆవిడ "వెళ్లండి, వెళ్లండి, ఆ అటెండరుకి గడియలు తెలియవు" అని తొందరపెట్టింది. ఈలోగా వెనక కూర్చున్న లైబ్రేరియను అమ్మాయి ఆయన భుజం పట్టుకుని కూర్చోబెట్టేసింది. ఎంత మంచి పిల్లో!

తెర మీద ఇల్లాలు దీపం వెలిగించింది. సముద్రం ఖాళీగా ఉంది. మళ్లీ వెలిగించింది. జుట్టు నెరిసింది. మళ్లీ వెలిగించింది. పడవ రాకుండానే శుభం అని పడింది.

లైట్లు వెలిగాయి. అందరూ ముక్కులు తుడుచుకుంటుంటే గేటాయన లేచి నిలబడి, వెనక్కి తిరిగి, పై కిటికీలోకి చూస్తూ కేకేశాడు.

"బావా! ఇంకో రీలుంది. అది వెయ్యి."

కిటికీలోంచి ఆపరేటరు తల బయటపెట్టాడు. "తొమ్మిదే రీళ్లు. తొమ్మిదీ వేశాను."

"పదోది ఎక్కడో పారేశావు. పడవ వచ్చేది అందులోనే. కవలలు కూడా అందులోనే ఉన్నారు."

"నేను రీలు పారేశానా?" ఆపరేటరు ఇంకాస్త ముందుకి వంగాడు. "ఇంతమందిలో నన్నంత మాటంటావా?"

"నా భార్య ఎనభై రోజులు చూసింది. ఆవిడ నాతో అబద్ధం చెప్పదు" అన్నాడు గేటాయన, హాలంతా వినబడేలా.

ఎవరో కిసుక్కుమన్నారు. బుకింగావిడ అటూ ఇటూ చూసింది. నోరు మూసుకుని కూర్చుంటే గండం గడిచిపోతుంది. ఆయన చచ్చేదాకా పదో రీలు ఉందనే నమ్ముతాడు. కానీ పైన ఆ ముసలాయన కిటికీ అంచు పట్టుకుని నిలబడ్డాడు, నలభై ఏళ్ల పనికి మచ్చ పడిందన్న బాధ మొహంలో కనబడుతోంది. ఇంత నమ్మకం పెట్టుకున్న మొగుడు జనం ముందు నవ్వులపాలవుతున్నాడు. తన వల్లే ఇదంతా అనుకుంటే ఆవిడకి సిగ్గేసింది. లేచి నిలబడింది.

"అన్నయ్య తప్పేం లేదండీ. రీళ్లు తొమ్మిదే. పడవ ఎప్పుడూ రాలేదు. నేనే తెప్పించాను."

గేటాయన ఆవిడ వైపు తిరిగాడు.

"మరి కవలలు?"

"లేరండీ."

"ఆ స్కూలు టీచరు?"

"పోయింది. మొదటిసారి చెప్పిందే నిజం."

ఈలోగా అటెండరు గడియలతో కుస్తీ పడుతుంటే జనం తలుపుల దగ్గర పోగయ్యారు. గేటాయన వాళ్లని తప్పించుకుంటూ వెళ్లి, ఒక్కొక్క గడియనీ కిందినుంచి తన్ని పైకి లాగి, ఆరు తలుపులూ తెరిచి, సందులో తన చోట తను నిలబడ్డాడు. ఆపరేటరు దిగి వస్తే చేతులు జోడించాడు. ఆపరేటరు "పోనీలే బావా" అని భుజం తట్టి వెళ్లాడు. తర్వాత గేటాయన లైబ్రేరియను అమ్మాయిని ఆపి, "పడవ రాలేదని రాయమ్మా" అన్నాడు.

అందరూ వెళ్లిపోయాక బుకింగావిడ వచ్చి ఆయనకి నాలుగడుగుల దూరంలో ఆగింది.

"ఇన్నేళ్లూ ఇక్కడే నిలబడి చూశాను" అన్నాడాయన, ఆవిడ వంక చూడకుండా. "ఏడుస్తూ బయటికొచ్చేవాళ్లు. సంతోషం పట్టలేకపోతున్నారు కాబోలు అనుకునేవాణ్ణి. ఈ లైట్‌హౌసు సినిమాకి ఒకావిడ వెక్కి వెక్కి ఏడుస్తుంటే, 'కవలలు భలే ముద్దుగా ఉన్నారు కదమ్మా' అన్నాను."

"ఆవిడేమంది?"

"నన్నొకలా చూసి పరిగెత్తింది."

బుకింగావిడకి నవ్వాగలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది.

"నవ్వకు. నాకు కోపమొస్తోంది" అన్నాడు.

"రావాల్సిందే. నేను చేసింది తప్పే. మీరు మూడు రోజులు అన్నం మానేస్తే చూడలేకపోయాను, తర్వాత ఆపలేకపోయాను." నవ్వు పోయి ఏడుపొచ్చేసింది ఆవిడకి. "నాతో మాట్లాడటం మానేస్తారా?"

గేటాయన మూడో తలుపు మూస్తూ ఆగాడు. "మానేస్తే ఎలా కుదురుతుంది? అసలేం జరిగిందో నాకెవరు చెబుతారు? చూసింది నువ్వు ఒక్కదానివేగా."

ఆవిడ ముక్కు తుడుచుకుంది. ఆయన నాలుగో తలుపు మూశాడు, అయిదోది మూశాడు, ఆరోదాని మీద చెయ్యి వేసి నెమ్మదిగా అడిగాడు.

"ఆ కొండ మీద ఆసుపత్రి సినిమాలో కుర్ర డాక్టరు... వాడైనా..."

"పోయాడండీ. మంచులో."

ఆయన ఆ తలుపుకి ఆనుకున్నాడు. చాలా మంచి డాక్టరు వాడు.

"సరే. రోజుకొకటే చెప్పు" అన్నాడు చివరికి. "రెండోది తట్టుకోలేను."

ఇంటికి నడుస్తూ బుకింగావిడ మనసులో ఒక్కొక్క సినిమానీ తలుచుకుంది. పోయినవాళ్లు, విడిపోయినవాళ్లు, తిరిగి రానివాళ్లు కలిపి నాలుగు వందలకి తక్కువుండరు. అంటే ఏడాది దాటుతుంది. నిజంగానే సుఖంగా ముగిసినవాటిని కూడా మధ్యమధ్యలో కలుపుకుంటూ పోతే ఇంకో రెండేళ్లయినా లాగొచ్చు అనుకుని, ఆయనతో సమానంగా అడుగు వేసింది.