పొడుం తుమ్ముకి శకునమేమిటే!

నేను ఒక పొడుం డబ్బాను. అప్పుడే ముక్కు మూసుకోకండి, ఓ ఓడని గట్టెక్కించిన ఘనత నాకూ ఉంది!

బుడితిలో ఒక కంచరి నన్ను ఇత్తడితో పోతపోశాడు. మొదట విజయనగరం ప్లీడరు గారి రొంటిన ఉండేదాన్ని. ఆయన పోయాక అల్లుడు విశ్వపతి గారి జేబులోకి మారాను. ఆయన కాలేజీలో లెక్కల మేష్టారు. యుద్ధం రోజుల్లో సర్కారు ఆయన్ని విశాఖపట్నంలో ఓ బంగళాకి రప్పించి, శత్రువుల రహస్య సందేశాలు విప్పే పనిలో పెట్టింది. భార్యకి కూడా చెప్పకూడదట. సీతారత్నం గారేమో మొగుడు బియ్యం లెక్కలు చూస్తున్నాడనే అనుకునేవారు.

ఆ వారం మేష్టారికి అన్నం సయించలేదు. బావమరిది పనిచేసే ఓడ రేవు నుంచి బయల్దేరబోతోంది. శత్రు జలాంతర్గామి ఎక్కడ మాటు వేసిందో సందేశాల్లోనే ఉంది, అవి మాత్రం కొరుకుడు పడటం లేదు. రెండు సందేశాలు మొదట్లో ఒకేలా నడిచి, తర్వాత విడిపోతున్నాయి. ఎందుకో అంతుపట్టదు. పాపం, భార్య మొహం చూడాలంటేనే ఆయనకి భయం వేసేది.

ఓ పొద్దున్న గడప దాటబోతూ చిటికెడు పీల్చి తుమ్మారు. ఒక్కసారే.

"ఒంటి తుమ్మండీ! లోపలికొచ్చి కూర్చోండి. మంచినీళ్ళు తాగి, మళ్ళీ మొదట్నించీ బయల్దేరండి."

"పొడుం తుమ్ముకి శకునమేమిటే!"

"మా తమ్ముడు సముద్రం మీదికెళ్తున్నాడు. ఈ ఒక్కసారికీ నా మాట వినండి."

విసుక్కుంటూనే కూర్చున్నారు. గ్లాసు సగమయ్యేసరికి, "మళ్ళీ మొదట్నించీ!" అని కేకేసి, చెప్పుల్లేకుండానే పరుగు తీశారు. జేబులో నా ఒళ్ళు హూనమైపోయింది.

అవతల సందేశం పంపేవాడికీ మధ్యలో ఏదో అడ్డు తగిలిందన్నమాట! అదే సందేశాన్ని మళ్ళీ మొదటినుంచి పంపాడు. బద్ధకంతో సంకేతం మార్చలేదు సరికదా, కొన్ని మాటలు కుదించేశాడు. రెండూ పక్కపక్కన పెట్టి ఆ తేడాలు పట్టుకుని లాగితే ముడి వీడింది. ఓడని వేరే దారిన పంపారు.

బావమరిది క్షేమంగా తిరిగొచ్చి రెండు వాయిల గారెలు తిన్నాడు.

"చూశారా, ఆ రోజు నేను ఆపబట్టే!" అన్నారు సీతారత్నం గారు.

మేష్టారు నోరు విప్పకూడదు కదా! "నిజమేనే, నువ్వు ఆపబట్టే," అంటూ కళ్ళు తుడుచుకుని, పొడుం ఘాటని నామీదికి నెట్టేశారు.

ఇప్పుడు నేను వాళ్ళ కాలేజీ అద్దాల బీరువాలో ఉన్నాను, పొడుం లేకుండా. ఆ రహస్యం ఆయన చివరిదాకా బయటపెట్టలేదు. కానీ బతికినన్నాళ్ళూ, తుమ్ము వచ్చిందంటే చాలు, ఆవిడ పిలవకముందే లోపలికొచ్చి కూర్చుని మంచినీళ్ళకి చెయ్యి చాచేవారు. మొగుడికి ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందని ఆవిడ మురిసిపోయేవారు.