నిలబడ్డవాళ్ళ పడవ

తెల్లవారుజామున పట్టిన వాన తొమ్మిదింటికి కూడా వదల్లేదు. పెద్ద వానేం కాదు. మబ్బు కిందికి దిగి, కదలక మెదలక కూర్చుని, సన్నగా జల్లు పోస్తోంది. ఉండుండి ఎక్కడో దూరంగా ఒక ఉరుము. వినోదాల పార్కులో పడవల కొండ ఆట దగ్గర రేకుల పంచ కింద నిలబడి గేటాయన ఆ మబ్బు వంకే చూస్తున్నాడు. ఉరుము వినిపిస్తే పడవలు కదపకూడదని పార్కు నియమం. ఆఖరి ఉరుము తరువాత అరగంట ఆగాలి. అరగంట నిండుతోందనగా మళ్ళీ ఉరుముతోంది.

ఇవాళే పట్టుకోవాలా ఈ ముసురు, అనుకున్నాడు. ఇవాళ ఆయన కూతురికి పరీక్ష.

ఎనిమిది మంది పట్టే పడవ గొలుసు పట్టుకుని కొండెక్కి, నీళ్ళతో పాటు జారి దబ్బున కిందికొస్తుంది. నిమిషానికొక పడవ. మూడు నెలల కిందటి వరకు దానికి ఒకటే లైను. ఎండలో మూడేసి గంటలు నిలబడి, కళ్ళు తిరిగి పడిపోయినవాళ్ళను కూతురు ఎనిమిదేళ్ళ పాటు టిక్కెట్ల కిటికీలోంచి చూసింది. పై అధికారుల వెంటపడి స్లాట్ల పద్ధతి పెట్టించింది. ఫోన్లో టైము తీసుకుంటే ఆ టైముకి వచ్చి ఎక్కొచ్చు. ఫోన్లో తీసుకోలేనివాళ్ళకి, తీసుకునేలోపు స్లాట్లు అయిపోయినవాళ్ళకి పాత లైను ఉండనే ఉంది. రెండు లైన్లూ కలిసే చోట తాడు పట్టుకుని నిలబడేది తండ్రి. నాలుగు పడవలు స్లాట్ల వాళ్ళకి, ఒక పడవ నిలబడ్డవాళ్ళకి. అదీ లెక్క.

ఇవాళ యజమానులు వచ్చి మధ్యాహ్నం మూడింటి దాకా పైన కంట్రోల్ రూములో కూర్చుని చూస్తారు. స్లాట్ ఉన్నవాళ్ళెవరూ పది నిమిషాలకు మించి ఆగకపోతే పార్కులో ఉన్న అన్ని ఆటలకీ ఇదే పద్ధతి, అన్నిటికీ ఆ అమ్మాయే అధికారి. పది దాటితే మళ్ళీ టిక్కెట్ల కిటికీ. ఆ మాట కూతురు పొద్దున బస్సులో చెబుతుంటే ఆయన కిటికీలోంచి వాన చూస్తూ ఊఁ కొట్టాడు. మాటలు ఆయనకు మొదటినుంచీ తక్కువ. పార్కులో ఆమెను అందరూ మేడం అంటారు. ఆయన ఏమీ అనడు, ఏదో ఒకటి అనాల్సి వస్తుందని దగ్గరకే పోడు.

పదింటికి ఆమే గొడుగు వేసుకుని వచ్చింది. యూనిఫాం కాదు, మంచి బట్టల్లో ఉంది.

"నాన్నా, పొద్దున స్లాట్ పోయినవాళ్ళందరికీ మెసేజ్ పెట్టించాను. ఇవాళ ఎప్పుడైనా రావచ్చని."

"ఎంతమంది?"

"ఏడొందల ఎనభై."

"ఎప్పుడొస్తారు?"

"ఎప్పుడైనా అన్నానుగా. తలా ఒకప్పుడు వస్తారు."

ఆయన చేయి చాచి జల్లు చూశాడు. "వాన వెలిశాక వస్తారు. అందరికీ ఒకేసారి వెలుస్తుంది."

"మరి ఏం చెయ్యమంటావు? పొద్దున్నే లేచి బుక్ చేసుకున్నారు. వాన పడితే వాళ్ళ తప్పా?"

వాళ్ళ తప్పు కాదు.

పదకొండున్నరకు మబ్బు చెదిరింది. పడవలు కదిలాయి. పన్నెండు దాటేసరికి ఎండ కాసి నేలంతా ఆవిరి కక్కుతోంది. పక్కనే పెద్ద ఉయ్యాల నడిపేవాడు టీ గ్లాసు పట్టుకుని వచ్చాడు. చుట్టరికం లేకపోయినా బావా అని పిలుస్తాడు.

"బావా, మీ అమ్మాయి పుణ్యమా అని నా లైను మరుగుదొడ్ల దాకా పోయింది."

"నేనేం చేశాను?"

"మీ దగ్గర స్లాట్ తీసుకుంటారు. దానికింకా గంట ఉంటుంది. ఆ గంటా ఊరికే ఉండలేక నా దగ్గరకొచ్చి నిలబడతారు. ఇదివరకు ఒక మనిషి ఒక చోటే నిలబడేవాడు. ఇప్పుడు ఒక్కడే రెండు చోట్ల నిలబడుతున్నాడు. దేవుడికి కూడా రాని విద్య."

"నీకు పని పెరిగిందని ఏడుపు."

"పని కాదు బావా. నా లైన్లో తిట్లన్నీ నాకే. మీ వాళ్ళు పోగు చేసిన జనానికి నేను తిట్లు తినాలా?"

నవ్వుకుంటూ వెళ్ళాడు. గేటాయన నవ్వలేదు. ఆ మాటలో ఏదో చిక్కుముడి విడినట్టనిపించింది. స్లాట్ తీసుకున్నవాడు నిలబడడు గాని, అతని వంతు ఇక్కడ నిలబడే ఉంటుంది. పాత లైన్లో ముందు నిలబడ్డ మనిషి తానే మొదట ఉన్నానని అనుకుంటాడు. అతనికి ముందు నాలుగు వందల మంది ఉన్నారు, కంటికి కనిపించరు, అంతే.

ఒంటిగంటకు వాళ్ళు కనిపించారు. తిండి తిని, చేతులు తుడుచుకుంటూ, పొద్దున పోయిన స్లాట్ల వాళ్ళంతా ఒక్కుమ్మడిగా వచ్చిపడ్డారు. మధ్యాహ్నం స్లాట్ల వాళ్ళు ఎటూ ఉన్నారు. స్లాట్ల దారి నిండిపోయి, పక్కనున్న సిబ్బంది దారి కూడా మూసుకుపోయింది. నడుముకున్న వాకీటాకీలో కూతురి గొంతు వినిపించింది.

"గేటు. స్లాట్ వాళ్ళు ఆగడం తొమ్మిది నిమిషాలకొచ్చింది. పాత లైను ఆపండి. అన్ని పడవలూ స్లాట్‌కే."

"ఎంతసేపు?"

"చెబుతాను."

ఆయన పాత లైనుకు తాడు అడ్డం వేశాడు. పడవ తరువాత పడవ స్లాట్ల వాళ్ళతో నిండిపోయింది. పది నిమిషాలు, ఇరవై, ముప్ఫై. పాత లైను అంగుళం కదల్లేదు. రెండు వందల మంది, ఇనప కడ్డీల మధ్య ఐదు మెలికలు తిరిగి నిలబడ్డారు. బయట వేలాడే బోర్డు మాత్రం ఇంకా "వేచి ఉండే సమయం 45 నిమిషాలు" అనే చూపిస్తోంది. దాన్ని నమ్మి వెనక కొత్తవాళ్ళు చేరుతూనే ఉన్నారు.

లైను మొదట్లో ఒక కుట్టుపనావిడ ఉంది. కుట్టుపని అని ఎవరూ చెప్పనక్కర్లేదు, కొలతల టేపు మెడలోంచి తీయడం మరిచిపోయి వచ్చింది. పక్కన చిన్న కూతురు, వెనక అత్తగారు. అత్తగారు కాళ్ళు నొప్పులై కడ్డీ మీద ఒరిగిపోయింది.

"అయ్యా," అంది ఆవిడ. అరవలేదు, కోప్పడనూ లేదు. "మా లైను ఇంక కదలదని చెప్పండి, వెళ్ళిపోతాం. మా బస్సు నాలుగింటికి. చెప్పకపోతే నిలబడే ఉంటాం, ఆశ కొద్దీ."

ఆయన తాడు వంక చూశాడు.

పార్కు పనికి రాకముందు, వయసులో ఉన్నప్పుడు, ఆయన కాలువ మీద నీళ్ళు వదిలే పని చేశాడు. ఎవరి పొలానికి ఎన్ని గంటలో వంతులుండేవి. ఒక ఏడు కాలువకు గండి పడి నాలుగు రోజులు నీళ్ళు ఆగిపోయాయి. గండి పూడ్చాక కాలువ తల దగ్గర పొలాల రైతులు వచ్చారు. మా వంతు ఊరికే పోయింది, మా తప్పా, అన్నారు. నిజమే కదా అని వాళ్ళ వంతు వాళ్ళకు తిరిగి ఇచ్చాడు. ఆరో రోజున చివరి పొలం ఆసామి తూము దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. తిట్టలేదు. "నా వంతు నీళ్ళు ఎవరి పొలంలో ఉన్నాయో చూపించు, పోయి ఒకసారి చూసొస్తాను," అన్నాడు. ఆ ఏడు ఆ పొలంలో గింజ రాలేదు. మరుసటి ఏడు ఈయన కాలువ పనిలోకి పోలేదు. ఎందుకు మానేశావని ఇంట్లో ఎంతమంది అడిగినా చెప్పలేదు.

వాకీటాకీ తీశాడు. "గేటు నుంచి. ఒక పడవ స్లాట్‌కి, ఒక పడవ లైనుకి పంపుతున్నాను."

కాసేపు గరగర. తరువాత, అందరూ వినే ఆ పరికరంలో, ఆమె మొదటిసారి అలా పిలిచింది. "నాన్నా. మూడింటికి వాళ్ళు వెళ్ళిపోతారు. ఒక్క గంట ఓపిక పట్టు. తరువాత నీ ఇష్టం."

ఒక్క గంట. ఎనిమిదేళ్ళ కిటికీ ఒకవైపు, ఈ గంట ఒకవైపు. అడిగింది పరాయిది కాదు. జ్వరం వచ్చినా పనికి ఎగ్గొట్టని పిల్ల. ఆయన వాకీటాకీ నడుముకి తగిలించి, తాడు విప్పాడు.

"రండమ్మా," అన్నాడు కుట్టుపనావిడతో. "పెద్దావిడను పట్టుకుని దించండి, మెట్టు తడిగా ఉంది."

స్లాట్ల వాళ్ళు గొడవకు లేచారు. "ఇదేం న్యాయం? మేము వారం ముందు బుక్ చేసుకున్నాం," అన్నాడొకాయన. "నిజమే," అన్నాడు గేటాయన. "మరి వాళ్ళనెందుకు పంపుతున్నారు?" "వాళ్ళూ నిలబడ్డారండి." ఆ రెండూ ఒకదానితో ఒకటి ఎలా అతుకుతాయో ఆయనకూ తెలియదు. ఒకటి అటు, ఒకటి ఇటు పంపుతూ పోయాడు.

పది నిమిషాలకు కూతురు కనిపించింది. సిబ్బంది దారి మూసుకుపోయింది గనక పాత లైను వెనక నుంచి దూరి వస్తోంది. ఆ విసురు చూస్తే ఎందుకొస్తోందో తెలుస్తూనే ఉంది. చివరి మెలిక దగ్గరే ఒక లారీ డ్రైవరు చేయి అడ్డం పెట్టాడు. అతని గొంతు గేటు దాకా వినిపించింది.

"ఏమ్మా, ఎక్కడికి దూరుతున్నావు? మేమేమన్నా దిష్టిబొమ్మలమా?"

"నేను ఇక్కడే పనిచేస్తానండి. దారివ్వండి."

"అందరూ అదే మాట. ఇందాక ఒకడు ఓనరు బావమరిదినన్నాడు. వాడూ నా వెనకే ఉన్నాడు చూడు."

జనం నవ్వారు. యూనిఫాం లేదు, బ్యాడ్జీ లేదు. ఆమె ఇంకో రెండుసార్లు చెప్పి చూసింది. తరువాత నిలబడింది.

లైను మెలికలు తిరుగుతుంది గనక ప్రతి మెలికకూ ఆమె గేటు వైపుకు వచ్చి, మళ్ళీ దూరమయ్యేది. మొదటిసారి దగ్గరకు వచ్చినప్పుడు ఆమె చూపుకు ఆయన తలదించుకున్నాడు. రెండోసారి ఆమె చేతిలో ఎవరిదో సంచి ఉంది. ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతోంది, మాట్లాడుతున్నది తక్కువ, వింటున్నది ఎక్కువ. మూడోసారి డ్రైవరు చిన్నకొడుకు ఆమె భుజం మీద నిద్రపోతున్నాడు, మంచి బట్టల మీద చొంగ కారుస్తూ. ఆమె తల తిప్పి వెనకున్న బోర్డు చూస్తోంది. "నలభై అయిదు నిమిషాలని రాశారు, గంటన్నర నుంచి ఉన్నాం," అని ఎవరో ఆమెకు చెబుతున్నారు. "రాసింది నేనే," అని ఆమె అనడం ఆయనకు వినిపించింది. డ్రైవరు జోకు అనుకుని నవ్వాడు.

ఆమె తాడు దగ్గరకు చేరేసరికి దగ్గర దగ్గర మూడయింది.

"నన్ను తీసెయ్యడానికి వచ్చావా?" అన్నాడు తండ్రి.

"బయల్దేరింది అందుకే."

"మరి?"

"యజమానుల్లో పెద్దాయన ఫోన్ చేశారు. పైన స్క్రీన్ ఎర్రబడిందట, స్లాట్ వాళ్ళకి ముప్ఫై నిమిషాలు దాటిందట. లైను ఎవరు తెరిచారని అడిగారు."

ఆయన తాడు పట్టుకుని ఆగాడు.

"నేనే తెరిపించానన్నాను."

"ఎందుకన్నావు?"

"ఎనిమిది వందల మందిని ఎప్పుడైనా రమ్మన్నది నేనేగా నాన్నా. వాళ్ళకి ఇచ్చిన చోటు ఎవరి దగ్గర్నుంచి తీశానో పైనుంచి కనపడలేదు." భుజం మీది పిల్లాణ్ణి సర్దుకుంది. "నిన్ను గేటు దగ్గరే ఉంచుతారు. నాకు సోమవారం నుంచి టిక్కెట్ల కిటికీ."

"వాళ్ళతో ఇంకోసారి మాట్లాడితే?"

"ఏం మాట్లాడను? పది నిమిషాలన్నారు, పది దాటింది."

పడవ వచ్చి ఆగింది. లైను వాళ్ళ వంతు. ఆయన లెక్కపెట్టాడు. డ్రైవరు, భార్య, పెద్దకొడుకు, చిన్నవాడు, బావమరిదినన్నవాడు, ఇంకో ఇద్దరు. ఒక చోటు మిగిలింది. ఆమె పిల్లాణ్ణి తల్లికి అందించి పక్కకు తప్పుకోబోయింది.

"ఎక్కమ్మా," అన్నాడు డ్రైవరు. "మాతో పాటే నిలబడ్డావుగా. నీ వంతు ఎక్కడికి పోతుంది?"

ఆమె తండ్రి వంక చూసింది. ఆయన తాడు పక్కకు తీసి పట్టుకున్నాడు. ఆమె చెప్పులు చేతిలో పట్టుకుని చివర కూర్చుంది. పడవ గొలుసందుకుని కొండెక్కడం మొదలుపెట్టింది. ఆయన దాన్ని చివరిదాకా చూడలేదు, స్లాట్ల పడవ వచ్చేసింది.

రద్దీ తగ్గి ఆయన బదులు ఇంకొకరు గేటు దగ్గరకు వచ్చేసరికి అయిదయింది. ఇద్దరూ పొద్దున్నుంచి ఏమీ తినలేదు. పంపుగది వెనక బల్ల మీద, నీడలో, ఆమె క్యారియరు విప్పింది. పొద్దున పెట్టిన అన్నం చల్లారి గట్టిపడింది. ఆమె జుట్టు ఇంకా తడిగానే ఉంది, మంచి బట్టలు ఒంటికి అతుక్కుని ఉన్నాయి. పై గిన్నె ఆయన వైపు జరిపింది. ఆయన అందులో సగం మూతలోకి తీసి తిరిగి ఆమె ముందు పెట్టాడు. ఉయ్యాలాయన అటుగా వచ్చి, ఇద్దరి ముఖాలూ చూసి, తన డబ్బా తెరిచి బల్ల చివర కూర్చున్నాడు. గోడ అవతల నీళ్ళు పైకెక్కుతున్న చప్పుడు. ముగ్గురూ తలలొంచుకుని తింటున్నారు.