తీగ తెగితే కూయాలి

కాపురానికి పలాస వచ్చేనాటికి ప్రమోదిని చేతిలో ఉన్న సరుకు తక్కువేమీ కాదు. ఐటీఐలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ పాసైన కాగితం, విశాఖ దగ్గర మందుల ఫ్యాక్టరీలో రెండేళ్ల పని, గ్యాసు తిరిగేచోట పెట్టె మూత ఎప్పుడు తెరవాలో ఎప్పుడు ముట్టుకోకూడదో తెలిసిన వేళ్లు. మొగుడు ఉమామహేష్ చేతిలో ఉన్నవి ఊళ్లో పరిచయాలు, నలుగురినీ నవ్వించే మాట. రెండూ కలిపి మిల్లులకు మీటర్లు బిగించే పని పెట్టారు. ఆరేళ్లు తిరిగేసరికి మిల్లుల్లో అతను 'ఇంజనీరు గారు' అయ్యాడు. ఆమె 'కూడా వచ్చే ఆవిడ'గానే ఉండిపోయింది.

ఆ పొద్దున ఆమె అంట్లు తోమి, నీళ్లు పట్టి, ఇద్దరికీ అన్నం బాక్సులు కట్టి, టెస్టు గ్యాసు సీసా సంచిలో సర్దుతుంటే అత్త పెద్దతల్లి గుమ్మంలో నిలబడింది.

"ఏటే, ఆ ఎలిసిపోయిన నూలుబట్టలేటి? మొన్న కొన్న మెరుపు సీర కట్టుకోరాదా? మొగుడి పక్కన నిలబడ్డానికే కదా ఎల్తన్నావు."

మిల్లులో మండే సాల్వెంట్ ఆవిరి ఉన్నచోట నైలాన్ బట్ట రాపిడికి చిన్న రవ్వ పుట్టినా అంటుకుంటుందని ఆమె ఇదివరకు రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పలేదు. సంచి భుజానికెత్తుకుంది.

టెక్కలి అవతల ఆ తవుడునూనె మిల్లు. తవుడులోంచి నూనె లాగే సాల్వెంట్ పెట్రోలు లాంటిదే. ఆవిరి కంటికి కనపడదు, నేలబారుగా పాకుతుంది. దాన్ని పసిగట్టే డిటెక్టర్లు నాలుగింటిని కిందటి వారం ప్రమోదినే బిగించింది. హద్దు దాటితే సైరన్ కూయాలి. ఇవాళ వచ్చి చూస్తే ఆ సైరన్ నోట్లో గోనెపట్టా కుక్కి ఉంది.

"ఏం చేయమంటారండీ?" అన్నాడు మేనేజరు నాగేంద్రబాబు, ఉమామహేష్‌ వైపే చూస్తూ. "కరెంటు పోయినప్పుడల్లా కూత. జనం అన్నాలు వదిలేసి గేటుకు పరుగు. గ్యాసు వస్తే తప్ప కూయకుండా తిరగెయ్యండి. అప్పుడే మీ టెస్టు రిపోర్టు తీసుకుంటాను."

"అదెంతసేపండి!" ఉమామహేష్ నవ్వాడు. "పెమోదినీ, ఆ సెట్టింగు మార్సీయ్."

ఆమె వెంటనే కదలలేదు. సైరన్‌కు సొంత బ్యాటరీ ఉంది. ఇప్పుడున్న పద్ధతిలో డిటెక్టరు కరెంటు ఆసరాతో దాన్ని పట్టి ఆపుతుంది. కరెంటు పోయినా, ఎలుక తీగ కొరికినా ఆ పట్టు వదిలిపోయి సైరన్ కూస్తుంది. తిరగేస్తే తీగ తెగినా చప్పుడుండదు, ఆ తర్వాత గ్యాసు నిండినా చప్పుడుండదు. చూసేవాళ్లకు అంతా బాగున్నట్టే ఉంటుంది. తన ఇంట్లోనూ ఆరేళ్లుగా అంతే. జ్వరంతో ఒళ్లు కాలుతూ పదిమందికి వండిన రోజున కూడా చుట్టాల ముందు అత్త, "మా కోడలు బంగారం, నోరెత్తదు" అంది. ఉమామహేష్ అయితే, "దానికేటి లోటు? ఉంటే సెప్పదా?" అన్నాడు. ఆ ఇంట్లో కూత లేకపోతే లోటు లేనట్టే లెక్క.

ప్లాంటు ఆపే ఉంది. ఆమె లోపలికి వెళ్లి, మూత తెరవకుండానే డిటెక్టరు అద్దం మీద మాగ్నెట్ పెన్ను ఆనించి, ఒక్కదాని సెట్టింగు తిరగేసింది. సైరన్‌లోని గోనె లాగేసి, కంట్రోల్ రూముకు వచ్చి ఆ డిటెక్టరు తీగ పీకింది.

"సార్, తీగ తెగింది. ఏమైనా వినపడిందా?"

"లేదే."

"అదేనండి."

తీగ మళ్లీ కలిపి, పాత సెట్టింగు పెట్టి, ఇంకోసారి పీకింది. సైరన్ మిల్లంతా అదిరేలా కూసింది. తవుడు ఊడ్చే రత్నాలమ్మ చీపురుతో సహా గేటుదాకా పరిగెత్తి ఆగింది. "ఓలమ్మో, గుండె జారిపోనాది! నిజింగానేనా?"

"టెస్టింగే పిన్నీ. ఎప్పుడు కూసినా అలాగే పరిగెట్టు," అని, ప్రమోదిని మేనేజరు వైపు తిరిగింది. "కరెంటు పోతే కూయకూడదంటే డిటెక్టర్లకు బ్యాటరీ పెట్టించండి. దీన్ని మూగదాన్ని చేస్తే నేను రిపోర్టు రాయను."

"ఆవిడ రాయకపోతేనేం?" నాగేంద్రబాబు ఉమామహేష్‌నే అడిగాడు. "సంతకం మీదేగా?"

ఉమామహేష్ ఆమెను పక్కకు లాగాడు. "నలుగురిలో పరువు తీత్తన్నావేటి? పేరు నాది. నాను సెప్పినట్టు సెయ్యి."

"పేరు నీదే బావా. మార్చడం కూడా నువ్వే మార్చు."

మాగ్నెట్ పెన్ను అతని చేతిలో పెట్టింది. అతను లోపలికి వెళ్లి డిటెక్టరు ముందు నిలబడ్డాడు. అద్దం మీద నాలుగు గుర్తులున్నాయి. ఏది తాకాలో తెలియలేదు. ఆరేళ్లలో తెలుసుకోవలసిన అవసరం అతనికి రాలేదు. పెన్ను గాలిలోనే ఆగింది. వెనకనుంచి నాగేంద్రబాబు చూస్తున్నాడు. గేటు నుంచి తిరిగొచ్చిన రత్నాలమ్మ కూడా చూస్తోంది.

నాగేంద్రబాబు ఈసారి ప్రమోదిని ముఖం చూసి అడిగాడు. "బ్యాటరీ ఎంతసేపు రావాలమ్మా?"

"జనరేటరు ఎత్తుకునేదాకా వస్తే చాలండి. అరగంటది పెట్టించండి."

రిపోర్టులో 'పరీక్షించినవారు' అన్నచోట మొగుడి పేరు ముందే అచ్చువేసి ఉంది. దాన్ని ఒక్క గీతతో కొట్టేసి తన పేరు రాసింది. తలెత్తేసరికి గేటు బయట బండి స్టార్టయిన చప్పుడు. ఉమామహేష్ ఆమె కోసం ఆగలేదు.

పలాస బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ప్రమోదిని లెక్క చూసుకుంది. పోయినవి, బంగారం అన్న బిరుదు, ఇవాళ్టి ఇంటి ప్రశాంతత. వచ్చినవి, తీగ తెగితే నోరెత్తే పెట్టెలు నాలుగు, అవి కూస్తే బతికి బయటపడే జనం, కాగితం మీద తన పేరు. ఎటు తిప్పి చూసినా బేరం గిట్టింది.